పరీక్షకు ముందే తీర్పు

1977లో అమెరికాలో అచ్చయిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అనే పుస్తకంలో రాక్షసునికి కొంత చోటు దక్కింది. పులి తల, ఒంటిమీద ఖరీదైన అంగీ, చేతిలో పొగగొట్టం గల ఒక మూర్తిని బొమ్మగా వేశారు. ఎన్ని దెబ్బలు తట్టుకోగలడు, ఎన్ని దెబ్బలు కొట్టగలడు అన్న అంకెల వరుసలో నైతిక పక్షం అనే పద్దు కూడా ఒకటుంది. ఆ పద్దు ఎదుట రాసిన మాట ‘లాఫుల్ ఈవిల్’. తెలుగులో చెప్పాలంటే, కట్టుబాటు తప్పని దుష్టుడు. ఏ రాక్షసుడు, ఎవరి కొడుకు, ఏం చేశాడు అన్న ప్రశ్నలకు అక్కడ తావు లేదు. జాతి పేరు పలకగానే తీర్పు వెలువడింది.

సరిగ్గా అందుకు ఇరవై ఏళ్ళ ముందు, 1957లో, కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై తెలుగువారి ముందుకు వచ్చాడు. అతడూ రాక్షసుడే. హిడింబికి పుట్టినవాడు, అసురగణాన్ని వెంటబెట్టుకొని తిరిగేవాడు, మాయలు చేసేవాడు. ఆ మాయలన్నీ అతడు అభిమన్యునికి శశిరేఖతో పెళ్ళి జరిపించడానికే వినియోగించాడు. ఆ సినిమా చూసిన పసివాడెవడూ అతణ్ణి దుష్టుల పట్టికలో చేర్చి ఉండడు. రాక్షసుడు అన్న మాట ఆ పసివానికి ఒక కులం పేరు, ఒక ఆకారం, ఒక భోజనపరిమాణం. గుణం సంగతి కథ చూశాక తేలేది. అమెరికా పుస్తకానికి, తెలుగు పసివానికి మధ్యనున్న ఈ దూరం చిన్నది కాదు.

‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ఎరుగని పాఠకులకు కొంత వివరణ అవసరం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో దీనిని వెలువరించారు. ఒక బల్ల, దాని చుట్టూ నలుగురైదుగురు, పలుముఖాల పాచికలు, పెన్సిళ్ళు, కాగితాలు: సరంజామా ఇంతే. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వేదిక లేని నాటకం, ముందుగా రాయని నాటకం అనుకోవచ్చు. ఆడేవారికి ఇందులో కలిగే ఆనందం నిజమైనది, ఇందులో వికసించే కల్పనాశక్తి మెచ్చదగినది. వివాదమంతా ఆట మొదలుకాకముందు పాత్రపత్రంలో నింపవలసిన ఒక చిన్న గడి గురించి.

ఆ గడిలో తొలినాళ్ళలో మూడే మాటలు ఉండేవి: నియమం, అరాచకం, నడిమి స్థితి. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ నవలల నుండి ఈ భావన వచ్చింది. 1978 నాటి ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’లో ఒక అక్షం మీద నియమం నుండి అరాచకం వరకు, రెండో అక్షం మీద మంచి నుండి చెడు వరకు గీతలు గీసి తొమ్మిది గడులు చేశారు. ప్రతి పాత్రా ఈ తొమ్మిదింట ఒకదానిలో కూర్చోవాలి. మరుసటి ఏడు వచ్చిన సూత్రధారుల పుస్తకం ప్రకారం, ఆట మధ్యలో గడి మారిన పాత్ర తాను సంపాదించుకున్న స్థాయిలో ఒక మెట్టు దిగిపోవాలి. 1980లో వచ్చిన మరో పుస్తకం ఇంకొక అడుగు ముందుకు వేసి ఇంద్రునికీ, అగ్నికీ, వరుణునికీ, యమునికీ, కాళికీ, విష్ణువుకూ కూడా గడులు కేటాయించింది. దేవతలకు ప్రాణబలం అంకెల్లో కట్టినవారు గుణం కూడా గడిలో కట్టడంలో వింతేమీ లేదు. దైవదూషణ అని కేకలు వేయనక్కరలేదు. పురాణాన్ని పద్దుల పుస్తకంగా చదివితే ఏమవుతుందో అదే అయింది.

ఇప్పుడు ఈ ఆటను భిలాయిలోని వైశాలి నగర్‌కు తెచ్చి చూడాలి. ఉక్కు కర్మాగారపు సెక్టార్లకు ఆవల పెరిగిన నివాసప్రాంతమది. 2008 నుండి అదే పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గం కూడా ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాక ఈ పట్టణానికి దేశం నలుమూలల నుండి శ్రామికులు వచ్చారు. ఉత్తరాంధ్ర నుండి బయలుదేరిన తెలుగు కుటుంబాలు కూడా అలాగే వచ్చి స్థిరపడ్డాయి. ఆ కుటుంబాల మూడోతరం పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. అటువంటి పిల్లలు నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి ఈ ఆట మొదలుపెడితే, రాక్షసుడు అన్న మాటకు అర్థం వారికి ఎక్కడి నుండి అందాలి? అమ్మమ్మ చెప్పిన ప్రహ్లాదుని కథ నుండా, పొగ తాగే పులి బొమ్మ నుండా? ఇంగ్లీషులో అచ్చయిన నియమావళి చేతికి అందినంత సులువుగా పోతన భాగవతం అందని చోట ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలిసిపోతున్నది. ఇక్కడ పోయేది ఆ పిల్లలకు సొంతమైన ఒక కొలబద్ద.

విచిత్రమేమంటే, పాత్రధారణ అంటే ఏమిటో ప్రపంచానికి నేర్పగలిగిన కళ ఆ పట్టణానికి పదిహేను కిలోమీటర్ల లోపే పుట్టి పెరిగింది. భిలాయికి ఉత్తరాన ఉన్న గనియారి గ్రామం పండవానీ గాయని తీజన్‌బాయి జన్మస్థలం. పండవానీలో వేషాలు లేవు, తెరలు లేవు. చేతిలో ఒక తంబూరా, వెనుక వాద్యగాళ్ళు, కథ మధ్యలో ఊ కొట్టి ప్రశ్నించే ఒక రాగీ. ఆ తంబూరాయే భీముని గద, అర్జునుని విల్లు, ద్రౌపది జుట్టు. దుశ్శాసన వధ పాడేటప్పుడు చంపేవాడూ, చచ్చేవాడూ, జుట్టు విరబోసుకొని ఎదురుచూసేదీ అన్నీ ఒక్కరే. క్షణం క్రితం దుశ్శాసనుని అహంకారంతో మీసం మెలేసిన గొంతే మరుక్షణం భీమునిదై గర్జిస్తుంది. ఈ కళాకారిణికి పాత్రపత్రం ఇచ్చి, తొమ్మిదింట ఏ గడిలో ఉంటావమ్మా అని అడిగితే ఏం రాయాలి?

ఆమె జీవితం కూడా ఆ గడుల పట్టికను ఇబ్బంది పెట్టేదే. స్త్రీలు కూర్చుని వేదమతి శైలిలోనే పాడాలన్న ఆనవాయితీని కాదని, పురుషులకే పరిమితమైన కాపాలిక శైలిలో ఆమె నిలబడి పాడారు. పాడినందుకు సొంత సమాజం వెలివేసింది. నాటి ఊరిపెద్దల లెక్కలో ఆమె కట్టుబాటు తెంచినది. 2019లో పద్మవిభూషణ్ ప్రకటించిన భారత ప్రభుత్వపు లెక్కలో ఒక సంప్రదాయాన్ని నిలబెట్టినది. నియమం, అరాచకం అనే అక్షం గీసినవారు ఎవరి నియమమో చెప్పడం మరచిపోయారు. తండ్రి ఆజ్ఞ, రాజాజ్ఞ, గురువు ఆజ్ఞ మూడింటినీ ధిక్కరించిన ప్రహ్లాదుడు ఆ అక్షం మీద అరాచకవాది కావాలి. ఇచ్చిన మాట కోసం ఆలిని అమ్మిన హరిశ్చంద్రుడు నియమానికి పరాకాష్ఠ; కాని బలిజేపల్లి వారి నాటకంలో చంద్రమతి ఏడుస్తుంటే చూసిన ప్రేక్షకులకు అది నిశ్చింతగా మంచి అని రాసుకోగల గడిగా ఎన్నడూ తోచలేదు.

భిలాయికే చెందిన మరో సాక్ష్యం ఇంతకంటె బలమైనది. రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ 1974లో భిలాయిలో జరిపిన కార్యశాలలో విజయ్‌దాన్ దేథా చెప్పిన ఒక రాజస్థానీ కథను నాటకంగా మలచడం మొదలుపెట్టారు. ‘చోర్ చోర్’ అనే పేరుతో దాని తొలిరూపం అక్కడే బహిరంగస్థలంలో సత్నామీ ప్రేక్షకుల ముందు ప్రదర్శితమైంది. సత్యమే దైవమని గురు ఘాసీదాస్ బోధను నమ్మిన సమాజమది. ఆ తొలిరూపమే పెరిగి ‘చరణ్‌దాస్ చోర్’ అయింది. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి పొందింది.

కథ తెలిసినదే. చరణ్‌దాస్ దొంగ. వాడు ఏదో హుషారులో గురువు ఎదుట నాలుగు ప్రమాణాలు చేస్తాడు: బంగారు పళ్ళెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజ్యమిచ్చినా పుచ్చుకోను. దొంగకు ఇవి ఎక్కడ ఎదురవుతాయని వాడి ధీమా. గురువు ఐదోదొకటి తగిలిస్తాడు: అబద్ధమాడకూడదు. దొంగతనం మానమంటే వృత్తి పోతుందని మొరపెట్టుకున్నవాడు ఈ ఐదో మాటకు తల ఊపుతాడు. కథ ముందుకు సాగేకొద్దీ అసంభవమనుకున్నవన్నీ ఒక్కటొక్కటిగా వాకిట్లోకి వస్తాయి. పళ్ళెం వస్తుంది, ఏనుగు వస్తుంది, చివరకు రాణే వస్తుంది. వాడు కాదంటాడు. కాదన్న సంగతి ఎవరికీ చెప్పవద్దని రాణి బతిమాలుతుంది. అబద్ధమాడనన్న ప్రమాణం అడ్డువస్తుంది. అందుకు వాడి ప్రాణం పోతుంది.

ఈ చరణ్‌దాస్‌ను తొమ్మిది గడుల ముందు నిలబెట్టాలి. పరుల సొమ్ము దోచేవాడు కనుక చెడ్డవాడా? ప్రాణం పోయినా మాట తప్పనివాడు కనుక నియమబద్ధుడా? రాజ్యాన్ని లెక్కచేయనివాడు కనుక అరాచకుడా? ఆటలో ఆరితేరినవారు ఈ ప్రశ్న మీద రాత్రంతా వాదించుకోగలరు, వాదించుకుంటారు కూడా. వాదం తెగకపోవడానికి కారణం చరణ్‌దాస్ గూఢమైన పాత్ర కావడం కాదు. ప్రమాణం చేసిన నాడు అతనికి తానెవరో తెలియదు. పళ్ళెం ముందుకు వచ్చిన నాడు కొంత తెలిసింది. చావు ముందు పూర్తిగా తెలిసింది. మొదటి రంగంలోనే గడి నింపి ఉంటే నాటకం ఆడనక్కరలేదు. అలా నింపకపోవడమే ఆ నాటకం.

మహాభారతకారునికి ఈ మర్మం తెలియనిది కాదు. ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల పైన నడిచేదనీ, ద్రోణుని ముందు అర్ధసత్యం పలికిన క్షణాన అది నేలకు దిగిందనీ చెప్పాడు. గడి మారితే మెట్టు దిగాలన్న 1979 నాటి అమెరికా నిబంధనకూ దీనికీ పోలిక కనిపించవచ్చు. తేడా కూడా అక్కడే ఉంది. రథం దిగింది చేసిన ఒక పనికి. అంతమాత్రాన ధర్మరాజు పేరును మరో వరుసలోకి మార్చలేదు. (పాచికలు కూడా ఆయనకు ఎన్నడూ మేలు చేయలేదు, అది వేరే సంగతి.) స్వర్గారోహణ పర్వంలోనైతే స్వర్గానికి వెళ్ళిన ధర్మరాజుకు మొదట కనిపించేది సింహాసనం మీద వెలుగుతున్న దుర్యోధనుడు, తనవారిని వెతుక్కుంటూ ఆయన నరకం చూడవలసి వచ్చింది. తిక్కన సోమయాజి పదిహేను పర్వాలు తెనిగించి చివరకు పాఠకుణ్ణి ఈ దృశ్యం ముందు నిలబెట్టాడు. పద్దుల పుస్తకం రాసేవాడు అక్కడ కలం పారేసి ఉండేవాడు.

తెలుగు రంగస్థలమూ, సినిమా కూడా ఈ చూపునే వారసత్వంగా పొందాయి. ‘భూకైలాస్’లో, ‘సీతారామకల్యాణం’లో రావణుడైన నందమూరి తారక రామారావు ‘లవకుశ’లో రాముడు, 1977లో ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే. మాన్‌స్టర్ మాన్యువల్ అచ్చయిన సంవత్సరమే అది.

ఇక జాతికి తీర్పు చెప్పడమనే విషయం. పాత్ర గడిని ఆటగాడు తానే ఎంచుకుంటాడు, నచ్చకపోతే మార్చుకుంటాడు. కాని రాక్షసుని గడిని పుస్తకమే నింపి ఇచ్చింది. ఒర్క్‌లకు, గాబ్లిన్లకు, నల్లని మేనిఛాయ గల డ్రావ్‌లకు కూడా అలాగే ఇచ్చింది. అవి ఊహాజాతులు, ఊహల మీద ఎందుకింత ఆగ్రహమని అడిగేవారున్నారు. రాక్షసుడు, అసురుడు అన్న మాటలు ఈ నేల మీద కేవలం ఊహలు కావు. ఝార్ఖండ్‌లోని నేతర్‌హాట్ పీఠభూమిలో అసుర్ అనే పేరుతోనే ఒక ఆదివాసీ సమాజం నివసిస్తున్నది. ఖనిజం కరిగించి ఇనుము తీయడం వారి ప్రాచీన వృత్తి. ఛత్తీస్‌గఢ్ మైకల్ కొండల్లోని అగరియాలూ ఇనుము కరిగించినవారే. వెరియర్ ఎల్విన్ 1942లో వారి గురించి రాసిన గ్రంథంలో వారు కొలిచే దేవతల పేర్లు నమోదు చేశాడు: కొలిమిలో ఉండే లోహాసురుడు, బొగ్గుకు కోయిలాసురుడు, నిప్పుకు అగ్యాసురుడు. భిలాయి కొలుములకు దల్లీ-రాజహరా ఖనిజం రావడానికి ఎన్నో తరాల ముందే ఈ నేలలో ఇనుము తీసినవారికి అసురుడు పూజ్యుడు. ఆ ఉక్కుపట్టణంలో పెరిగే బిడ్డ అసురజాతి అంటే పుట్టుకతో దుష్టజాతి అని ఆటలో నేర్చుకుని, అదే పేరు గల సహపాఠి పక్కన కూర్చోవలసి వస్తే అది ఊహాలోకపు వ్యవహారంగా మిగలదు.

పౌరాణిక సాహిత్యం అసురులను మంచివారిగానే చూపిందని ఇక్కడ వాదించడం లేదు. హిరణ్యకశిపుడూ ఉన్నాడు, వాని ఇంటనే ప్రహ్లాదుడూ ఉన్నాడు. ప్రహ్లాదుని మనుమడు బలి. అడగవచ్చినవాడు విష్ణువేనని గురువు శుక్రాచార్యుడు హెచ్చరించినా, ఇచ్చిన మాట వెనక్కు తీసుకోనని నిలిచినవాడు. అక్కడ మరుగుజ్జు వేషంలో వచ్చి మోసగించినవాడు దేవుడు, మోసపోతున్నానని తెలిసి మాటకు కట్టుబడినవాడు అసురుడు. పోతన అష్టమస్కంధం చదివిన తెలుగువారు శతాబ్దాలుగా విష్ణువును పూజిస్తూనే బలికి కన్నీరు పెట్టారు. ఒకే కుటుంబంలో మూడు తరాలకు మూడు స్వభావాలను చూపిన సాహిత్యం చేతిలో ఉండగా జాతి మొత్తానికి ఒకే గడి రాసిన పట్టికను అరువు తెచ్చుకోవడం దారిద్ర్యమే.

గడిని సమర్థించేవారి వాదాన్ని కూడా వినాలి. ఆటకు కొత్తగా వచ్చినవానికి తన పాత్ర ఎలా నడుచుకోవాలో తోచదనీ, రెండు మాటల సూచిక ఉంటే దారి దొరుకుతుందనీ వారంటారు. ఇందులో నిజం లేకపోలేదు. వీధినాటకంలో వేషగాడు రంగు పూసుకుని తెర ముందుకు రాగానే ఏ పాత్రో ప్రేక్షకునికి తెలుస్తుంది. అదీ ఒక సూచికే. కాని ఆ రంగు చూసేవాని సౌకర్యం కోసం పూసింది. గడి మాట ఆడేవాని మనసులోకి దిగుతుంది. అరాచక దుష్టుడు అని రాసుకున్నవాడు తోటివాని సొత్తు కాజేసి, బందీని హింసించి, ఎందుకిలా చేశావని బల్ల చుట్టూ ఉన్నవారు నిలదీస్తే, ‘నా పాత్ర అంతే’ అంటాడు. ధర్మబద్ధ సజ్జనుడు అని రాసుకున్నవాడు ఎదురైన గాబ్లిన్ బిడ్డను నరికి, ‘అది దుష్టజాతి’ అంటాడు. ఇద్దరూ పనికి పూచీ పడలేదు. పూచీ గడి మీద పెట్టారు. ఎంపిక ఒక్కసారే, ఆట మొదలుకాకముందే జరిగిపోయింది. తరువాత చేసినవన్నీ దానికి అమలు మాత్రమే. నైతికత బోధిస్తుందని మెచ్చుకునే గడి నిజానికి నైతికమైన నిర్ణయం చేసే అవసరాన్నే తొలగిస్తున్నది.

రెండో వైపున మరో వర్గం ఉంది. ఇటువంటి ఆటలు పరదేశీయులవి, పిల్లలను పాడుచేస్తాయి, మాన్పించాలి అనేవారు. 1980 దశకంలో అమెరికాలోనే కొన్ని మతసంస్థలు, కొందరు తల్లిదండ్రులు ఈ ఆట పిశాచారాధన నేర్పుతుందని పెద్ద అలజడి లేవదీశారు. కాలక్రమంలో ఆ అలజడి చల్లారింది, ఆట నిలిచింది. వారు చేసిన పొరపాటు కూడా ఇదే జాతికి చెందినది: ఆటకు ముందే గడి కేటాయించారు. వైకుంఠపాళి పరచుకుని పాము నోట పడ్డ తమ్ముణ్ణి చూసి నవ్వుకున్న తెలుగు ఇళ్ళకు బల్ల మీద పాపపుణ్యాల ఆట కొత్త కాదు. ఆ పటంలో పాముకూ నిచ్చెనకూ పేర్లున్నాయి. పావుకు ఎప్పుడూ ఏ పేరూ పెట్టలేదు.

ఆటను తయారుచేసినవారే ఈ గడి విషయంలో సందేహంలో పడ్డారన్నది గమనార్హం. 2008 ముద్రణలో తొమ్మిదిని ఐదుకు తగ్గించారు. 2014లో మళ్ళీ తొమ్మిది తెచ్చి, ఏ పక్షమూ లేనివారికి వేరే చోటు కల్పించారు. ప్రాణుల పుస్తకంలో ఇచ్చిన పక్షాలను సూత్రధారి మార్చుకోవచ్చునని స్పష్టం చేశారు. 2020 జూన్‌లో ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఒర్క్‌లను, డ్రావ్‌లను తక్కిన జాతుల వలెనే నైతికంగా సంక్లిష్టమైనవారిగా చూపుతామని ప్రకటించింది. ‘మాయాబజార్’ విడుదలైన అరవై మూడేళ్ళకు ఘటోత్కచునికి కొంత న్యాయం జరిగిందన్నమాట.

ఇంతకంటె ఆసక్తికరమైనది దీనికి పోటీగా నిలిచిన ‘పాత్‌ఫైండర్’ ఆటలో 2023లో జరిగింది. దాని ప్రచురణకర్తలు పక్షాల గడిని పూర్తిగా తొలగించి, ఆ చోట రెండు జాబితాలు పెట్టారు: ఈ పాత్ర తప్పక చేయవలసినవి, ఎట్టి పరిస్థితిలోనూ చేయరానివి. అంటే ప్రమాణాలు. చరణ్‌దాస్ గురువు ఎదుట చేసినవి సరిగ్గా ఇవే. మంచివాణ్ణని రాసుకోవడం ఎవరికైనా సులువు. బంగారు పళ్ళెంలో తిననని రాసుకున్నవాని ముందుకు పళ్ళెం తేవడం ఎలాగో సూత్రధారికి వెంటనే తెలుస్తుంది.

విద్యాశాఖలు, సాంస్కృతిక సంస్థలు విలువల బోధన పేరిట పిల్లలకు ఆటలు రూపొందించే పనికి పూనుకున్నప్పుడు, లేదా ఇటువంటి నియమావళిని తెలుగులోకి తెచ్చే ప్రయత్నం ఎవరైనా చేసినప్పుడు, ఈ గడిని యథాతథంగా అనువదించడం తేలికే. సజ్జనుడు, దుర్జనుడు, మధ్యస్థుడు అన్న మాటలు నిఘంటువులో సిద్ధంగా ఉన్నాయి. ఆ చోటును ఖాళీగా వదిలి, కింద రెండు గీతలు గీసి, పాత్ర చేసిన ప్రమాణాలు అని పైన రాస్తే సరిపోతుంది. రాక్షసుని పుటలో పక్షం అన్న పద్దును కొట్టివేసి, ఎవరి కొడుకు, ఎవరికి మాట ఇచ్చాడు అని రెండు ప్రశ్నలు చేర్చాలి. వైశాలి నగర్ బల్ల చుట్టూ చేరిన నలుగురిలో ఒకరు హిడింబి కొడుకును ఎంచుకుంటే, అతడు ఏ వైపు నిలుస్తాడన్నది ఆ రాత్రి ఆటలో తేలుతుంది.